కారం లేని మజ్జిగ

తెనాలిలో రైలు గేటు పక్క వీధిలో అచ్యుతమ్మ అనే ఆవిడ ఉండేది, ఆవిడకి అనుమానం తప్ప వేరే జబ్బు లేదు. పాలవాడు పాలు పోస్తే గేదెని కూడా పట్టుకొచ్చి సాక్ష్యం చెప్పించమనేది. గోడ మీద కాకి వాలితే, "నిన్నెవరు పంపారే?" అని నిలదీసేది. అద్దంలో తన మొహం చూసుకుని, ఈవిడ నన్నే ఎందుకు చూస్తోందని తలుపు గడియ వేసుకునేదట.

అయినా వీధిలో ఆవిడకి మహా గౌరవం. టీవీ సీరియల్లో దుర్మార్గులెవరో ఆవిడ కనిపెట్టినట్టు పోలీసులు కూడా కనిపెట్టలేరు. "ఇది మరీ ఎక్కువ నవ్వుతోంది, పాలల్లో విషం కలుపుతుంది" అనేది. వారం తిరక్కుండా అది కలిపేది. "వీడు కాళ్ళకి దణ్ణం పెడుతున్నాడు, ఆస్తి రాయించుకుంటాడు" అనేది. మర్నాడే వాడు రాయించుకునేవాడు. అందుకని సాయంత్రం ఏడయ్యేసరికి వీధిలో ఆడవాళ్ళందరూ ఆవిడ హాల్లో చేరేవాళ్ళు. చోటు చాలనివాళ్ళు కిటికీ ఊచలు పట్టుకుని గబ్బిలాల్లా వేలాడేవాళ్ళు.

అచ్యుతమ్మ కూతురు నిరుపమ కాలేజీలో పాఠాలు చెప్పేది. పెళ్ళి మాటెత్తితే నవ్వి ఊరుకునేది. మేడ మీద గదిలో ఝాన్సీ అనే అమ్మాయి అద్దెకి ఉండేది. అదే కాలేజీలో లైబ్రరీ చూసుకునేది. రోజూ సాయంత్రం ఝాన్సీ మూడు గ్లాసుల్లో మజ్జిగ కలిపి కిందికి తెచ్చేది. ముగ్గురూ తాగాక సీరియల్ మొదలయ్యేది.

ఒకసారి కొత్త సీరియల్ వచ్చింది. అందులో వైదేహి, రోజా అని ఇద్దరమ్మాయిలు కలిసి టైలరింగ్ కొట్టు పెట్టారు. రోజా వైదేహి వాళ్ళమ్మకి కాళ్ళు పట్టేది, మందులిచ్చేది, పాలు కాచి ఇచ్చేది.

మొదటి రోజే అచ్యుతమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"ఆ రోజాని చూశారా? కొంప ముంచుతుంది."

"ఎందుకొదినా? బంగారంలాంటి పిల్ల కదా!" అంది పక్కింటి శేషారత్నం.

"అదే నా అనుమానం. ఏ చుట్టరికమూ లేనిది ఇంత సేవ ఎందుకు చేస్తుంది? ఇల్లు కొట్టేయడానికే!"

ఆ మాట అంటూ చేతిలో గ్లాసు చూసుకుంది. మజ్జిగ. తెచ్చింది ఝాన్సీ. ఏ చుట్టరికమూ లేదు.

ఇంకేముంది! ఆ రోజు నుంచి అచ్యుతమ్మ కళ్ళు టీవీ మీద సగం, ఝాన్సీ మీద సగం. ఝాన్సీ ముగ్గేస్తే ఇంటి కొలతలు తీసుకుంటోందనుకునేది. దగ్గితే ఎవరికో సైగ చేస్తోందనుకునేది. ఇలా ఊహించీ ఊహించీ ఒకరోజు, "నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమ్మాయ్" అనేసింది.

"అలాగే పిన్నిగారూ" అంది ఝాన్సీ.

"ఎదురు చెప్పలేదంటే ఇందులో ఏదో ఉంది" అనుకుంది అచ్యుతమ్మ. నిరుపమ మాత్రం ఆ రోజు నుంచి తల్లితో సరిగ్గా మాట్లాడలేదు.

ఇంతలో సీరియల్లో వైదేహి తల్లి ముందు నిలబడింది. "అమ్మా, రోజా నాకు ఉత్త స్నేహితురాలు కాదు. నా ప్రాణం. నా జీవితం తనతోనే" అంది. ధన్ ధన్ ధన్ అని వాయిద్యం మోగింది. తల్లి చేతిలో పళ్ళెం జారింది. అది కింద పడేలోపల ఇంట్లో అందరి మొహాలూ మూడేసిసార్లు చూపించారు.

హాల్లో వాళ్ళు నోళ్ళు తెరిచారు. ఆ నోళ్ళల్లోంచి రైలు వెళ్ళిపోయినా వాళ్ళకి తెలిసేది కాదు.

"ఇదేమిటొదినా? ఇలా కూడా ఉంటారా?" అంది శేషారత్నం.

"అంతా నాటకం! ప్రేమా లేదు, పాడూ లేదు. రోజా దానికి మందు పెట్టింది" అని తేల్చేసింది అచ్యుతమ్మ.

నిరుపమ లేచి మేడ మీదికి వెళ్ళిపోయింది.

నెలాఖరు వచ్చింది. వీధివాళ్ళు ఇంకా రాలేదు. ఝాన్సీ ఎప్పటిలాగే మజ్జిగ తెచ్చింది. పోయే ముందు ఇవాళ తప్పకుండా ఏదో కలిపి ఉంటుందని అచ్యుతమ్మకి గట్టిగా తోచింది. సీరియల్లో తెలివైన అత్తగార్లు ఏం చేస్తారో అదే చేసింది.

"అదుగో బల్లి!" అంది.

ఝాన్సీ అటు తిరగ్గానే తన గ్లాసు అక్కడ పెట్టి, ఝాన్సీ గ్లాసు తీసుకుని గడగడా తాగేసింది.

అంతే! నోట్లో కొరివి పెట్టినట్టయింది. కళ్ళల్లోంచి నీళ్ళు ధారకట్టాయి. ఆవిడ పెట్టిన కేకకి గేటు దగ్గర ఆగిన రైలు కూత పెట్టి పరుగెత్తిందట.

"అయ్యో పిన్నిగారూ, అది నాది! అందులో పచ్చిమిరపకాయలు దంచి వేశాను" అని ఝాన్సీ చెంచాడు తేనె పట్టుకొచ్చింది. "మీది వేరు. అల్లం లేదు, కారం లేదు. కరివేపాకు కూడా వడకట్టేశాను."

"ఎందుకూ?"

"మీకు నోటిపూత కదా. మీరెవరికీ చెప్పలేదు. కానీ తాగేటప్పుడు మొహం చిట్లించేవారు. అప్పట్నుంచీ మీకు వేరే కలుపుతున్నాను."

అచ్యుతమ్మ తేనె చప్పరించింది. ఆ రెండో గ్లాసు కూడా రుచి చూసింది. చల్లగా, మెత్తగా వెన్నలా దిగింది. అయినా అనుమానం అంత తేలిగ్గా వదులుతుందా?

"నాకు చేస్తే నీకేం లాభం?" అంది.

 ఝాన్సీ, కేక విని గుమ్మంలోకి వచ్చిన నిరుపమ వైపు చూసింది. నిరుపమ వచ్చి తల్లి ముందు కింద కూర్చుంది.

"అమ్మా, తను నీకు చేసేది నీ ఇంటి కోసం కాదు. నువ్వు నాకు అమ్మవి గనక. సీరియల్లో వైదేహి చెప్పింది చూశావే, అదే నా మాట కూడా."

అచ్యుతమ్మ ధన్ ధన్ ధన్ కోసం ఎదురుచూసింది. ఏదీ మోగలేదు. వంటింట్లో కుక్కరు ఒక కూత కూసి ఊరుకుంది.

"పెట్టె సర్దేశావా?" అని ఝాన్సీని అడిగింది.

"రెండూ సర్దానండీ."

"రెండోది ఎవరిది?"

"నాదమ్మా" అంది నిరుపమ.

అచ్యుతమ్మ ఆలోచించింది. ఆవకాయ ఊరడానికి పట్టేంత సేపు ఆలోచించింది. కూతురు లేని హాలు, తను, ఒక గ్లాసు. గ్లాసులో ఏం కలిసిందో అని అనుమానపడడానికైనా ఎవరూ ఉండరు.

"పైకి పదండి. రెండు పెట్టెలూ నా ఎదురుగా విప్పండి. నా ఇత్తడి గ్లాసులు పట్టుకుపోతున్నారేమో చూడాలి" అంది. మెట్ల మీద ఆగి ఝాన్సీని ఉరిమి చూసింది. "విప్పినవి మళ్ళీ సర్దావంటే ఊరుకోను. పిన్నిగారూ అన్నావంటే అసలు ఊరుకోను. అత్తయ్యా అనడానికి నోటికేమైంది?"

పెట్టెల్లో ఇత్తడి గ్లాసులు లేవు. ఆవిడ అడుగు దాకా వెతికింది.

కొన్నాళ్ళకి సీరియల్లో పెద్ద మలుపు వచ్చింది. రోజా చుట్టూ చూసి, నవ్వి, వైదేహి వాళ్ళమ్మ పాలల్లో పొడి కలిపింది. ధన్ ధన్ ధన్!

హాలు దద్దరిల్లింది. "వదినా, అచ్చం నువ్వు చెప్పినట్టే! నీ కంటిచూపుకి హారతివ్వాలి!" అని శేషారత్నం ఎగిరి గంతేసింది. కిటికీకి వేలాడేవాళ్ళు చప్పట్లు కొట్టబోయి జారి కింద పడ్డారు.

అచ్యుతమ్మ లేచి వెళ్ళి టీవీ కట్టేసింది.

"తప్పు. నేను చెప్పిందీ తప్పే, వాళ్ళు చూపించిందీ తప్పే. ఆ పిల్ల అలాంటిది కాదు."

"కళ్ళారా చూశాం కదొదినా!"

"ఆ పొడి ఆ పిల్ల చేతిలోకి ఎక్కడిదే? ఇన్నాళ్ళూ లేదే! కథ రాసేవాడు తెచ్చి పెట్టాడు. ఇద్దరాడపిల్లలు సుఖంగా ఉంటే చూపించడానికి వాడికి చేతులు రాలేదు. నా అనుమానమంతా ఇప్పుడు వాడి మీదే!"

"నీకంత నమ్మకమేమిటి?"

"అలాంటి పిల్ల నా ఇంట్లోనే ఉంది. దాని చేతి మజ్జిగ రోజూ తాగుతున్నాను. నా కూతురికి తోడు, నాకు కోడలో అల్లుడో నాకే తెలీదు, మొత్తానికి మా మనిషి" అని, "ఝాన్సీ! శేషారత్నానికి ఓ గ్లాసు తీసుకురామ్మా" అని కేకేసింది.

ఝాన్సీ గ్లాసు తెచ్చింది. శేషారత్నం గ్లాసు అందుకుంది. వాసన చూసింది. దీపం వెలుగులో తిప్పి చూసింది. ఝాన్సీ మొహంలోకి చూసింది. చివరికి ఒక గుక్క తాగి, మూతి తుడుచుకుని, "కొంచెం ఉప్పు పడాలమ్మాయ్" అంది.

ఎవరో అల్లి చూపించిన కథని బట్టి మనుషుల్ని అనుమానించకూడదు, కళ్ళ ముందు వాళ్ళు ఎలా మసలుతున్నారో చూసి నమ్మాలి.