విప్పి వదిలేసిన నట్టు

"న్యాయమైన కోపాన్ని కూడా విడిచిపెట్టాల్నా గురువుగారూ?" అని అడిగాడు భద్రయ్య. అడిగిన తీరు చూస్తే విడిచిపెట్టే ఉద్దేశం అతనికి ఏ కోశానా లేదని అక్కడ కూర్చున్న అందరికీ అర్థమైంది.

మా గురువు వీరాచారి గారు ముప్పై నాలుగేళ్ళు బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరైనవారు. కొత్తగూడెంలో ఆయన ఇంటి ముందు రేకుల పందిరి కింద ప్రతి ఆదివారం మధ్యాహ్నం మేం పదిమందిమి చేరి తత్వాలు పాడుకుంటాం. తర్వాత ఎవరి సందేహం వాళ్ళు అడుగుతాం. ఆయన వెంటనే జవాబు చెప్పరు, ముందు అడిగినవాడి చేతుల వంక చూస్తారు. వేదాంతం అడిగితే గోళ్ళు చూడటమేమిటని మొదట్లో నాకు చిరాగ్గా ఉండేది. ఆ రోజు భద్రయ్య వేళ్ళ సందుల్లో గ్రీజు నల్లగా పట్టి ఉంది. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే మనిషికి గ్రీజుతో ఏం పనిపడిందని గురువుగారు అడిగారు. ఇక భద్రయ్య ఆగలేదు.

అతని కారు గతుకుల్లో పడ్డప్పుడల్లా ముందు చక్రాల దగ్గర టకటకమని చప్పుడు వస్తోందట. స్టీరింగు తిప్పితే చక్రాలను తిప్పే కడ్డీలు కింద ఉంటాయి. వాటి చివర్న కీళ్ళలాంటివి ఉంటాయి, టై రాడ్ ఎండ్లు అంటారు. అవి అరిగిపోయాయి. శనివారం ఇంటి ముందే జాకీ పెట్టి, కింద చెక్క దిమ్మెలు పేర్చి, రెండు వైపులవీ తానే మార్చాడు. పాతదాన్ని విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో సుద్దముక్కతో గోడ మీద గీతలు పెట్టుకొని, కొత్తదాన్ని సరిగ్గా అన్నే చుట్లు ఎక్కించాడు. "ఒక్క చుట్టు కూడ తప్పలేదు గురువుగారూ" అన్నాడు. చుట్లు సరిపోయినంత మాత్రాన చక్రాలు సమంగా నిలబడవని కూడా అతనికి తెలుసు. అందుకే ఆదివారం పొద్దున్నే కారును వీల్ అలైన్‌మెంటు షాపుకి తీసుకెళ్ళాడు.

అక్కడ యాకూబ్ అనే పనివాడు కారును గుంత మీదికి ఎక్కించి, చక్రాలకు యంత్రం తగిలించి, గుంతలోకి దిగి పైకి చూశాడు. చూసి, నలుగురు కస్టమర్లు వింటుండగా నవ్వాడట.

"ఎవరు బిగిచ్చిన్రు సార్ దీన్ని, పశువుల డాక్టరా?"

ఆ మాట విని నాకూ ఒళ్ళు మండింది, దాచడమెందుకు? మన దగ్గర ఇదొక రోగం. చదువుకున్నవాడు చేతికి మట్టి అంటనివ్వకపోతే సుకుమారం అని దెప్పుతారు. పోనీ అంటించుకుంటే పళ్ళికిలిస్తారు. రోజంతా ఎండలో వెల్లకిలా పడుకొని, భార్య ఎక్కే బండి అని ఒకటికి పదిసార్లు సరిచూసుకొని పనిచేసిన మనిషిని ఒక్క మాటతో నవ్వులపాలు చేయడానికి ఎవడికి ఏం హక్కుంది? ఆ మాటే నేను పైకి అంటే పందిరి కింద ఉన్నవాళ్ళంతా తలలూపారు. అలాంటివాడి షాపు గడప మళ్ళీ తొక్కొద్దని ఒకరిద్దరు సలహా కూడా ఇచ్చారు.

భద్రయ్య అక్కడ యాకూబ్‌ను బాగానే దులిపాడట. "నా భార్య రోజూ ఈ బండి మీదనే ఇల్లందు దాకా డ్యూటీకి పోతది. ఇయ్యాల మధ్యాహ్నం కూడ పోతది. నా పని మీద నాకు నమ్మకం లేకుంటే ఆమెకు తాళమిస్తనా? దించు బండి" అని అరిచాడట. "ఆగండి సార్, పని సగంల ఉంది" అని యాకూబ్ అంటున్నా వినకుండా, చక్రాలకున్న యంత్రాన్ని తానే ఊడబీకి, కారు వెనక్కి దించుకొని ఇంటికి వచ్చేశాడు.

"మళ్ళ వాడు, షాపుల రాసిచ్చిన నా నంబరుకు ఏడుసార్లు ఫోన్ చేసిండు గురువుగారూ. ఏడుసార్లూ కట్ చేసిన. ఆఖరికి బ్లాకులో పెట్టిన. పశువుల డాక్టరంటడా నన్ను? ఇప్పుడు చెప్పండి, ఇది న్యాయమైన కోపం కాదా?"

గురువుగారు కోపం సంగతి ఎత్తలేదు. "నువ్వు బండి దించుకునేటప్పుడు అతను కింద ఏం చేస్తుండె?" అన్నారు.

"గుంతల నిలబడి పానాతోని ఏందో తిప్పుతుండె."

"ఏది తిప్పుతుండె?"

భద్రయ్య గ్రీజు పట్టిన తన వేళ్ళ వంక చూసుకున్నాడు. చక్రాలు సరిచేయాలంటే ముందు ఆ కడ్డీల మీది లాక్‌నట్లు వదులు చేయాలి. కొలతలు కుదిరాకే వాటిని మళ్ళీ బిగిస్తారు. అవి వదులుగా ఉండగా బండి రోడ్డెక్కితే కుదుపులకు కడ్డీ తనంతట తానే తిరుగుతుంది, చక్రం దారి తప్పుతుంది. ముందురోజు గోడ మీద గీతలు పెట్టుకున్నవాడికి ఇదంతా ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

"బండేది?" అన్నారు గురువుగారు.

"సరోజన తీస్కపోయింది" అన్నాడు భద్రయ్య. వెంటనే ఫోను తీశాడు.

అతని భార్య సరోజన ఇల్లందు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. బండి నడిపేటప్పుడు ఫోను సంచిలో వేసి జిప్పు పెట్టేస్తుంది. అది భద్రయ్యే పట్టుబట్టి నేర్పిన అలవాటు. మూడుసార్లు చేశాడు, మోగి మోగి ఆగిపోయింది. ఇల్లందు రోడ్డు సంగతి మా వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. బొగ్గు టిప్పరు ఎదురొస్తే చిన్న బండి మట్టిలోకి దిగాల్సిందే, అది కూడా చప్పున దిగాలి. నా పిండిగిర్ని సరుకు మోసే ఓమ్నీ వ్యాను బయటే ఉంది. గురువుగారు ముందు కూర్చున్నారు, భద్రయ్య వెనక ఎక్కాడు, నేను తోలాను.

ప్రతి మలుపులోనూ రోడ్డు పక్కకు చూడ్డానికి నాకు భయమేసింది. భద్రయ్యకు మాత్రం భయం మళ్ళీ కోపంలోకే తిరిగింది. "అసలు ఆ యాకూబ్ చెప్పాలె గదా, నట్టు విప్పిన అని! మనిషి ప్రాణమంటే లెక్కలేదా వానికి?" అన్నాడు. "చెప్పాలి మరి" అని నేనూ వంత పాడాను.

"ఏడుసార్లు" అన్నారు గురువుగారు, రోడ్డు వంకే చూస్తూ.

టేకులపల్లి ఇంకా రాకముందే ఎడమ పక్కన కారు కనిపించింది. పల్టీ కొట్టలేదు, గుద్దుకోలేదు, జాకీ మీద నిలబడి ఉంది. పక్కనే సరోజన తెల్లకోటుతో ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకొని నిలబడింది. ముందు ఒక మోటారు సైకిలు రోడ్డుకు అడ్డంగా ఆపి ఉంది. కారు కింది నుంచి రెండు కాళ్ళు బయటికి వచ్చి ఉన్నాయి.

స్టీరింగు ఎడమకు లాగుతుంటే ఆమె నెమ్మదిగానే పోతోందట. వెనక ఎవడో హారను కొడుతూ తగులుకుంటే, ఒంటరి ఆడమనిషిని చూసి వెంటపడ్డాడనుకొని కిలోమీటరు దాకా ఆపలేదట. చివరికి అతను ముందుకొచ్చి బండి అడ్డం పెట్టేస్తే, దిగి చెడామడా తిట్టిందట. అతను చేతిలో పానా చూపించి కారు కిందికి దూరాడట.

భద్రయ్య ఓమ్నీ దిగి ఆ కాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. అప్పుడతను అన్న మొదటి మాట ఇది. రాయడానికి నాకే సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

"మళ్ళ నా బండిని ఎవరు ముట్టమన్నరు?"

కింది నుంచి జవాబు వచ్చింది. "మీరు తిట్టేది తిట్టుండ్రి సార్. ఆ పందొమ్మిది నంబరు పానా మాత్రం ఇటియ్యండి."

పానా భద్రయ్య కాలి దగ్గరే గోనెపట్టా మీద ఉంది. అతను దాన్ని చూస్తూ నిలబడిపోయాడు. సరోజన మొగుడి మొహం వంక చూసింది. అతను వంగి పానా అందించాడు. కడ్డీ తిరగకుండా ఒకరు పట్టుకుంటేనే నట్టు బిగుస్తుంది. ఆ మాట యాకూబ్ ముక్తసరిగా చెప్పేసరికి, భద్రయ్య ఇస్త్రీ చొక్కాతోనే అతని పక్కన మట్టిలో పడుకున్నాడు. ఒకవైపు, తర్వాత రెండోవైపు.

యాకూబ్ బయటికొచ్చి మోకాళ్ళు దులుపుకున్నాడు. కోపంతో మనిషి మొహం కందిపోయి ఉంది. "పశువుల డాక్టరన్నది నాదే తప్పు సార్. మీరు పని మంచిగనే చేసిన్రు, నాకే నోటి దురద. దానికి నన్ను ఏమన్నా పడ్తుంటి. విప్పిన నట్టుతోని ఇంటి మనిషిని రోడ్డెక్కిస్తరా? ఇల్లందు పోతదని మీరే అరిచిన్రు కాబట్టి దొరికింది, లేకపోతే ఎక్కడని ఎతుకుతుంటి? ఏడుసార్లు ఫోన్ చేసిన సార్. నాకు కడుపు మండిపోయింది. ఇప్పటికీ మండుతనే ఉంది." పానాలు సంచిలో పడేసుకున్నాడు. "ఇది ఉత్తగ బిగిచ్చిన, అలైన్‌మెంటు కాలే. మెల్లగ తోల్కొని షాపుకు రండ్రి" అని చెప్పి, ఎవరి మొహమూ చూడకుండా బండి స్టార్ట్ చేసుకొని వెళ్ళిపోయాడు.

డ్యూటీకి టైమవుతోందని సరోజన నా ఓమ్నీ తీసుకొని వెళ్ళింది. మేం ముగ్గురం ఆ కారులోనే వెనక్కి బయల్దేరాం. కారు తిన్నగా పోతున్నా స్టీరింగు చక్రం ఒక పక్కకు వాలి ఉంది. భద్రయ్య దాన్ని రెండు చేతులా పట్టుకొని, సైకిలు కంటే మెల్లగా తోలాడు. ఊరు దగ్గరికి వచ్చాక ఇక ఉండబట్టలేకపోయాడు.

"అయినా గురువుగారూ, నలుగుట్ల అట్ల అనొచ్చునా? నా కోపం న్యాయమైంది కాదా? విడిచిపెట్టాల్నా వద్దా, అదొక్కటి చెప్పండి."

"న్యాయమైందే" అన్నారు వీరాచారి గారు. షాపు మలుపు దగ్గర ఇంకో మాట చెప్పారు.

"అతనికీ కోపమొచ్చింది భద్రయ్యా. అతను పానా పట్టుకొని వచ్చిండు."