బేసి అంకెల వంతు

పరాంకుశాచార్యులవారికి ఒక అలవాటు ఉండేది. ప్రశ్న చిన్నదైతే శాస్త్రం చెప్పేవారు, పెద్దదైతే ఏదో ఒక పని చెప్పేవారు. అందుకే బందరులో ఆయన అరుగు మీద ఉదయం వేదాంత పాఠానికి చేరే శిష్యులు, పెద్ద ప్రశ్న అడిగేముందు తమ ఒళ్ళు వంగుతుందో లేదో చూసుకునేవారు.

ఆ శిష్యుల్లో గోవర్ధనం తపాలా శాఖలో రిటైరైనవాడు. భార్య హైమవతి బళ్ళో టీచరుగా చేసింది. ఇద్దరికీ దినపత్రికలో వచ్చే సుడోకు పిచ్చి. పేపరు ఒక్కటే కాబట్టి రోజూ కాఫీ వేళకి కొట్లాట. చివరికి అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు అంకెలు పంచుకున్నారు. సరి అంకెలు అతనివి, బేసి అంకెలు ఆవిడవి. ఒకరు ఆగినచోట రెండోవారు అందుకోవాలి, ఒకరి అంకె ఇంకొకరు రాయకూడదు. "నీకు ఐదొచ్చాయి, నాకు నాలుగే" అని అతను దెప్పితే, "వంటింట్లో సగం పని తీసుకోండి, ఒకటి ఇచ్చేస్తాను" అనేది ఆవిడ. ఒకటితో పొరబడకుండా ఏడు నడుముకి చిన్న అడ్డగీత పెట్టడం ఆవిడకి బళ్ళో అబ్బిన అలవాటు. "అంకెకి మొలతాడు కట్టావేమిటే?" అని అతను వెక్కిరించేవాడు.

మొన్నటి వానాకాలంలో హైమవతి పోయింది. గోవర్ధనం తింటున్నాడు, తిరుగుతున్నాడు, పాఠానికీ వస్తున్నాడు. సుడోకు మాత్రం తన అంకెలు పడినంతవరకు రాసి ఆపేసేవాడు. మిగతా గళ్ళు ఖాళీగానే ఉండిపోయేవి.

ఒకరోజు పాఠం మధ్యలో అడిగేశాడు.

"ఆత్మకి చావు లేదన్నారు, బాగానే ఉందండీ. నా ఎదుటి కుర్చీలో మాత్రం ఎవరూ లేరు. ఈ బెంగ ఎప్పటికి తీరుతుంది గురువుగారూ?"

శ్రీపతి అనే తోటి శిష్యుడు గొంతు సవరించుకున్నాడు. అడక్కముందే శ్లోకం అందుకునే రకం అతను. గురువుగారు అతన్ని కంటితోనే ఆపి, ఆనాటి పేపరూ కలమూ గోవర్ధనం ముందు పెట్టారు.

"సుడోకు పూర్తి చెయ్యి."

గోవర్ధనం తన అంకెలు కొన్ని వేసి, అలవాటుగా ఆగిపోయాడు. శ్రీపతి ఉండబట్టలేక, "ఇక్కడ ఏడు కదండీ!" అంటూ కలం అందుకోబోయాడు.

"ముట్టుకోకు! అది మా ఆవిడది!" అని అరిచాడు గోవర్ధనం. ఆ వెంటనే అతనికే సిగ్గేసి తల దించుకున్నాడు.

"అక్కడ ఏడని నీకు తెలుసా?" అడిగారు గురువుగారు.

"తెలుసండీ."

"ఆవిడ ఉన్న రోజుల్లోనూ తెలిసేదా?"

"చాలాసార్లు ముందే తెలిసేదండీ. ఆవిడ రాసుకుంటుందిలే అని ఊరుకునేవాణ్ణి. అంకె దొరికినప్పుడు ఆ మొహం చూడాలి మీరు!"

"మరి నీ ఎనిమిదులు ఆవిడకి తెలిసేవి కావంటావా?"

ఇన్నేళ్ళూ ఆ ఆలోచనే రాలేదు గోవర్ధనానికి. తను ఎక్కడో చిక్కుకుని బుర్ర గోక్కుంటుంటే, చల్లారిపోతున్న కాఫీ పట్టుకుని, "తొందరేం లేదు, చూడండి" అంటూ కూర్చునే మనిషి కళ్ళముందు మెదిలింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి వచ్చి ఎదురుగా కూర్చుంటే చాలు, తన నాలుగు అంకెలూ ఆవిడకే ఇచ్చేయాలనిపించింది. కళ్ళు తుడుచుకున్నా నీళ్ళు ఆగలేదు.

అలాగే కలం తీసి ఆ గడిలో ఏడు రాశాడు. రాసింది చూసుకున్నాడు. ఏడు నడుముకి మొలతాడు ఉంది.

"ఇది నేను పెట్టలేదండీ," అన్నాడు మెల్లగా.

గురువుగారు పేపరు తనవైపు తిప్పుకుని చూసి, మళ్ళీ అతని ముందుకే జరిపారు.

"ఆవిడ రాసేసిందిగా. ఇక నీ వంతు."