జగ్గప్ప చెప్పని సగం

కోటగుమ్మం దగ్గర జగ్గప్ప ఎవరేమడిగినా జవాబు చెబుతూ, మధ్యలో షావుకార్ల సరుకు పొగిడేవాడు. చెప్పే మందులన్నీ నాటువైద్యం చేసే గవరమ్మ దగ్గర విన్నవే. ఇప్పుడామె గడప తొక్కేవాళ్లే లేరు.

ఆమె రాజుగారికి మొరపెట్టుకుంది. ఓడితే ఆమే ఊరు విడవాలి.

"నాలుగు ముక్కలే తీసుకున్నాను ప్రభూ. జనానికి మేలేగా," అన్నాడు జగ్గప్ప.

"కాలిపగుళ్లకు జీడిగింజల రసం రాయమని పొద్దున చెప్పాడు ప్రభూ. అతని మడమలూ పగిలే ఉన్నాయి. ఇదిగో రసం, రాసుకోమనండి," అంది గవరమ్మ.

జీడి తగిలితే ఒళ్లు పొక్కుతుందని గుర్తొచ్చి జగ్గప్ప కాలు వెనక్కి లాక్కున్నాడు. "ముందు దేన్లో కలపాలి, గవరమ్మా?"

"నన్నడగాలని తమరికి తెలిసిందిగా. మరి జనానికెందుకు చెప్పలేదు?"

రాజుగారు బొబ్బలెక్కిన మడమలు ముందుకు చాపారు. "ఇప్పుడేం రాయాలో తొందరగా చెప్పమ్మా."