సూర్యుడి బొమ్మ తెరచాప

చెప్పండి, పొద్దున ఒడ్డున ఏం చూశారు? పడవలు చూశాం అని తప్పించుకోవద్దు. అలలు దాటకముందు ప్రతి పడవా ఏం చేసింది? తెరచాప ఎత్తింది. ఆ తర్వాత? ఎత్తిన తెరచాపను ఒక్కసారి కిందికి దించి, మళ్ళీ ఎత్తింది. చూశారా, లేదా? చూశారు. ఎందుకని మాత్రం ఒక్కరూ అడగలేదు. కూర్చోండి, చెబుతాను. నవ్వుకునే కథ కాదు, ముందే చెబుతున్నా.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక రాజు. పేరు విక్రాంతుడు. ఆయనకు ముగ్గురు కొడుకులు, కొండంత గర్వం. రాజ్యంలో ప్రతి తెరచాప మీదా ఎర్రటి సూర్యుడి బొమ్మ ఉండాలన్నాడు. ఆ తెరచాపను ఏ గాలికీ దించకూడదన్నాడు. దించినవాడి తల తీయిస్తానన్నాడు. ఎందుకు ప్రభూ అని ఎవరైనా అడిగితే, "సూర్యుడు ఎవరికైనా తల వంచుతాడా?" అనేవాడు. రోజూ సాయంత్రం దిగిపోయే సూర్యుణ్ణి ఆయన ఎన్నడూ చూడలేదు కాబోలు.

ఏడు సముద్రాల అవతల నల్లదీవి ఉంది. ఆ దీవిలో కాలఝంఝుడనే మాంత్రికుడు ఉన్నాడు. వాడు నోరు తెరిచి ఊదితే తుఫాను. ఆ తుఫానులో మునిగినవాళ్ళందరినీ వాడు తెల్ల పక్షులుగా మార్చి, తన దీవి చుట్టూ తిప్పుకునేవాడు. వాడి ప్రాణం ఒక చిలుకలో ఉండేది. కింద ఉంటే ఎవరైనా ముట్టుకుంటారని, ఆ చిలుకను ఇనుప పంజరంలో పెట్టి తన నల్ల ఓడ తెరచాప కొయ్య చిట్టచివర వేలాడదీశాడు.

వాడి గాలికి భయపడి జనం చేపల వేటకు పోవడం మానేశారు. ఊళ్ళో పొయ్యిలు ఆరిపోయాయి. అప్పుడు పెద్ద కొడుకు రణధీరుడు పెద్ద ఓడ ఎక్కి వెళ్ళాడు. గాలి వచ్చింది, తెరచాప దించలేదు, తిరిగి రాలేదు. మరుసటి ఏడు రెండో కొడుకు జయకేతు ఇంకో ఓడ ఎక్కి వెళ్ళాడు. గాలి వచ్చింది, తెరచాప దించలేదు, తిరిగి రాలేదు.

మిగిలింది చిన్నవాడు కువలయుడు. "మా అన్నలను వెతికి తెస్తాను" అన్నాడు. ఎక్కడానికి రాజ్యంలో ఓడ లేదు. జాలరి పెద్ద కూతురు ముత్యాలు దగ్గర ఒక చిన్న పడవ ఉంది.

"చేపల పడవ, దొరా. పట్టుపరుపులు ఉండవు" అంది ముత్యాలు.

"తేలుతుందా?"

"మీరు తేలనిస్తే తేలుతుంది." లంగరు తాడు చివర ముడి వేసి ఇచ్చింది. "మీ పెద్దన్నగారి ఓడలో తాళ్ళు లాగడానికి మా అన్న కూడా వెళ్ళాడు. మీ అన్నగారి కోసం ఊరంతా దండోరా వేశారు. మా అన్న పేరు ఒక్కరూ పలకలేదు. కనబడితే ఎల్లాజీ అని పిలవండి, పలుకుతాడు."

రాజు వచ్చి ఆ పడవకూ సూర్యుడి బొమ్మ తెరచాప కట్టించాడు. తన చేతులతోనే బిగించి, ముడి మీద లక్క ముద్ర వేశాడు. కొడుకు బయలుదేరాడు.

ఒక సముద్రం దాటాడు, రెండు దాటాడు. మూడో సముద్రంలో మొదటి గాలి లేచింది. పడవ పక్కకు ఒరిగింది. తిండి మూట పోయింది, మంచినీళ్ళ కుండ పోయింది. కువలయుడు తెరచాప దించలేదు. గాలి తగ్గాక ఒక తెల్ల పక్షి వచ్చి పడవ అంచు మీద వాలింది.

"చిన్నోడా, ఇంకా అలాగే ఉన్నావా, చెప్పిన మాట వింటూ?"

పెద్దన్న గొంతు అది. "అన్నా!" అన్నాడు కువలయుడు, ఏడుస్తూ.

"ఏడుపు తర్వాత. తెరచాప దించు."

"నాన్నగారి ఆజ్ఞ కదా అన్నా."

"ఆ ఆజ్ఞను తు.చ. తప్పకుండా పాటించాను. ఇదిగో, రెక్కలు బహుమానంగా వచ్చాయి."

అయినా కువలయుడి చెయ్యి తాడు మీదికి పోలేదు. అయిదో సముద్రంలో రెండో గాలి లేచింది. చుక్కాని విరిగిపోయింది. ఈసారి రెండో పక్షి వాలింది. అది జయకేతు.

"ముద్ర విరగ్గొట్టరా" అంది.

"రాజముద్ర అన్నా అది!"

"లక్కేరా! ఇంటికి పోయి మళ్ళీ పోయించుకోవచ్చు. ఇంకో పడవ ఎక్కడుందిరా ఇక్కడ?"

మాంత్రికుడి పంజరం ఎక్కడ వేలాడుతోందో కూడా ఆ పక్షే చెప్పింది.

ఏడో సముద్రంలో మూడో గాలి లేచింది. అది గాలి కాదు. పట్టపగలు చీకటి పడింది. ఆకాశం ఏదో, నీళ్ళు ఏవో తెలియలేదు. ఒక్కొక్క అల కోటగోడలా లేచి మీద విరుచుకుపడుతోంది. పడవ కట్టిన కొయ్యలన్నీ ఒకేసారి మూలిగాయి. అప్పుడు తెగించాడు కువలయుడు. కత్తి తీసి లక్క ముద్ర పగలగొట్టాడు. తాడు కోశాడు. సూర్యుడు దబ్బున కింద పడ్డాడు.

"దించితే చాలదు, దొరా!" అని ఎక్కడినుంచో ఇంకో పక్షి అరిచింది. "చుట్టచుట్టి లంగరు తాడుకు కట్టండి! ముందువైపు నుంచి నీళ్ళలో వెయ్యండి! అది పడవ ముక్కును అలకు ఎదురుగా పట్టుకుంటుంది. అడ్డం తిరిగామా, అయిపోతాం!"

"ఎవరు నువ్వు?"

"ఎల్లాజీని. మా చెల్లి వేసిన ముడి చూసి పడవను గుర్తుపట్టాను."

కువలయుడు అలాగే చేశాడు. ఎర్ర సూర్యుడు నీళ్ళలో మునిగి, పడవను ముక్కు పట్టుకుని నిలబెట్టాడు. కువలయుడు ఇనుప టోపీ తీసి నీళ్ళు తోడాడు. తోడిన కొద్దీ నిండాయి, నిండిన కొద్దీ తోడాడు. దేవుడికి దండం పెట్టడానికి చేతులు ఖాళీ లేవు.

ఆ చీకట్లోంచి నల్ల ఓడ వచ్చింది. "ఎవడ్రా నా గాలిలో మునగనివాడు?" అని గర్జించాడు కాలఝంఝుడు.

"తెరచాప దించినవాణ్ణి!"

మాంత్రికుడు పగలబడి నవ్వాడు. "రాజు కొడుకువై ఉండి! పిరికిపందా!"

"అవును, నీ గాలికి భయపడ్డాను. నువ్వు భయపడవుగా? అయితే గట్టిగా ఊదు. నీ తెరచాప నిలుస్తుందో లేదో చూస్తాను."

మాంత్రికుడు ఊదాడు. నల్ల ఓడ కొయ్య కిర్రుమంది. పైనుంచి చిలుక "దించు!" అంది. మళ్ళీ ఊదాడు. కొయ్య వంగింది. చిలుక "దించు! దించు!" అని ఏడ్చింది. తన ప్రాణమే నోరు తెరిచి చెప్పినా వాడు వినలేదు. మూడోసారి ఊదాడు. కొయ్య ఫెళ్ళున విరిగింది, పంజరం సముద్రంలో పడి మునిగింది. ఊదుతున్న ఊపిరి గొంతులోనే ఆగి మాంత్రికుడు బూడిదయ్యాడు.

గాలి ఆగింది. ఆకాశంలోంచి మనుషులు రాలినట్టు పడ్డారు. జయకేతు పడ్డాడు, అతని ఓడలోని వాళ్ళు పడ్డారు. అందరూ ఈదుకుంటూ నల్ల ఓడ ఎక్కారు. కానీ మొదటి ఏడాది పోయినవాళ్ళు మారలేదు. రెక్కలు వాళ్ళ ఎముకల్లో పాతుకుపోయాయి.

"అన్నా, ఇంటికి రా" అన్నాడు కువలయుడు.

"వస్తాను. అన్నం ఏ కంచంలో పెడతారురా నాకు?" అన్నాడు రణధీరుడు. ఆ మాటకు ఎవరూ నవ్వలేదు.

నీళ్ళలోని తెరచాపను పైకి లాగి, నల్ల ఓడ విరిగిన కొయ్యకు కట్టుకుని అందరూ ఇంటికి తిరిగారు; పక్షులు వెంట వచ్చాయి. ఒడ్డున రాజు కత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. చిరిగిన, ఉప్పు పేరుకున్న తెరచాపను చూశాడు.

"దించావా?"

"దించాను నాన్నగారూ. అందుకే రాగలిగాను."

"శాసనం శాసనమే" అని రాజు కత్తి ఎత్తాడు. తెల్ల పక్షి ఒకటి వచ్చి ఆ చేతి మీద వాలింది.

"నేను దించలేదు, నాన్నగారూ" అంది.

ఒక్క మాటే. రాజు ఆ గొంతు గుర్తుపట్టాడు. కత్తి ఇసుకలో పడింది. రాజూ ఇసుకలోనే కూలబడ్డాడు. తర్వాత లేచి, కోట మీది సూర్యుడి జెండా తాడు తానే విప్పి కిందికి దించాడు.

ఇంకో పక్షి పోయి ముత్యాలు ముందు వాలింది. "ఎల్లాజీ?" అంది ముత్యాలు. పలికాడు.

కువలయుడు ముత్యాలును పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళిభోజనాల్లో పక్షులుగా మిగిలిన అన్నలిద్దరికీ రెండు విస్తళ్ళు ఇసుక మీద వేసి పెట్టారు. తర్వాత అతను రాజై చాలాకాలం ఏలాడు. అతను ఇచ్చిన మొదటి ఆజ్ఞ ఇదే: ప్రతి పడవా ఒడ్డు కనబడుతుండగానే తెరచాపను ఒకసారి దించి, మళ్ళీ ఎత్తుకుని పోవాలి. ఎందుకు? దించడం చేతికి గుర్తుండాలని.

విక్రాంతుడు పోయాడు, గాలి పోలేదు. పొడి ఇసుక మీద నిలబడి దించొద్దని అరిచేవాళ్ళూ పోలేదు. అలాంటివాళ్ళను నేను చాలామందిని చూశాను, వాళ్ళ మాట విని పోయినవాళ్ళనూ చూశాను. రేపు మీరు పడవలో ఉన్నప్పుడు గాలి లేస్తుంది, ఒడ్డునుంచి ఆ అరుపు వినబడుతుంది. అప్పుడు మీ చెయ్యి తాడు మీదికి పోతుందా, పోదా?