తళుకి చూపించని దిబ్బ

అనగనగా నడిసముద్రంలో కొన్ని దీవులు. ఓడ మీద మూడు రోజులు పోతేగాని వాటి కొబ్బరిచెట్ల తలలు కనబడవు. అంత దూరం. ఆ దీవుల్లో తళుకి అనే పావురం ఉండేది. మన మేడల మీద వాలే బూడిదరంగు పావురంలాంటిది కాదది. ఒంటినిండా ఆకుపచ్చా రాగిరంగూ కలిసి మెరిసేవి. మెడచుట్టూ గుర్రానికున్నట్టు జూలు. తోక మాత్రం పాలలా తెలుపు.

తళుకి పొద్దున ఒక దీవిలో పళ్లు తిని, మధ్యాహ్నానికి ఇంకో దీవికి ఎగిరిపోయేది. అందుకే ఏ దీవిలో ఎవరుంటారో, వాళ్లు ఏ వేళకి బయటికొస్తారో దానికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఏటా చలికాలంలో ఉత్తరదేశాల మంచు తప్పించుకుని ఉల్లంకి పిట్టలు గుంపులుగా వచ్చేవి. సన్నని కాళ్లతో ఒడ్డున నడుస్తూ బురదలో పురుగులు ఏరుకు తినేవి. వాటికి దీవుల్లోని వింతలు చూపించే పని తళుకిది. ఎవరూ అప్పగించలేదు, తనే పెట్టుకుంది. ఆ పని తనంత బాగా చేసేవాళ్లు లేరని దానికి గట్టి నమ్మకం. ఆ నమ్మకం అబద్ధమూ కాదు.

ఒక ఏడు చలికాలంలో నలభై ఉల్లంకులు వచ్చి వాలాయి. వాటి పెద్ద పేరు దూరయ్య. చాలా సముద్రాలు దాటినవాడు. ఆ సంగతి రోజుకి మూడుసార్లు చెప్పేవాడు కూడా.

మొదటిరోజు కొబ్బరిపీతను చూడాలన్నాడు దూరయ్య. ఆ పీత కొబ్బరిచెట్టు ఎక్కగలదు, కాయ పీచు ఒలిచి, డిప్ప పగలగొట్టి తినగలదు. అందరూ దాన్ని పీతతాత అనేవారు. తళుకి వాళ్లను తాత గుంత దగ్గరికి తీసుకెళ్లింది. గుంత నోరు మట్టితో మూసి ఉంది. తాత ఒంటిమీది పాత డొల్ల విడిచాడనీ, కొత్త డొల్ల గట్టిపడేదాకా బయటికి రాడనీ, అప్పటిదాకా ఒళ్లంతా మెత్తగా ఉంటుందనీ తళుకి చెప్పింది. ఇంతదూరం వచ్చి చూడకుండానే వెళ్లాలా, కాస్త మట్టి తీస్తే ఏం పోతుందన్నాడు దూరయ్య. అతిథులు కదా అని తళుకి ఊరుకుంది. నలభై పిట్టలూ కాళ్లతో మట్టి గీకాయి. గుంతలోకి ఎండ పడింది. పీతతాత గాబరాగా లోపలికి జరగబోతే మెత్తటి కాలొకటి రాయికింద మెలిపడింది.

ఆయన పైకి చూసి, "తళుకీ, నువ్వా?" అన్నాడు. అంతే అన్నాడు.

ఆ మాట తళుకికి గుచ్చుకుంది. అయినా మరునాడు దూరయ్య సముద్రపు ఆవును చూపించమంటే సరేనంది. పశ్చిమపు రేవులో, నీళ్లకింద పెరిగే గడ్డిని మేస్తూ ఒక తల్లీ దూడా ఉండేవి. బండమీద కదలకుండా కూర్చుంటే చాలు, ఊపిరి తీసుకోవడానికి అవే పైకొస్తాయని తళుకి చెప్పింది. ఉల్లంకులు కాసేపు కూర్చున్నాయి. తల్లి ముక్కు నీటిమీద కనబడగానే అన్నీ ఒక్కసారి కూతలేస్తూ దానిమీదికి దిగాయి. తల్లి బెదిరి లోతుకి పారిపోయింది. దూడ గడ్డిలో ఉండిపోయింది. తళుకి సాయంత్రందాకా రేవంతా గాలించి, తల్లి ఎక్కడుందో కనిపెట్టి, దూడ ఉన్న చోటికి దారి చూపింది. తల్లి దూడను పొదువుకుని వెళ్లిపోయింది. తళుకివైపు చూడలేదు.

మూడోరోజు దూరయ్య దిబ్బకోడి దిబ్బ చూడాలన్నాడు.

దిబ్బకోడి అంటే గోధుమరంగు కోడిలా ఉండే పక్షి. కాళ్లు మాత్రం పెద్దవి. అది గుడ్లమీద కూర్చుని పొదగదు. మొగుడూ పెళ్లామూ కలిసి ఇసకా ఎండుటాకులూ పోగేసి పెద్ద దిబ్బ కడతారు. ఆకులు కుళ్లుతుంటే దిబ్బ లోపల వేడి పుడుతుంది. ఆ వేడికే గుడ్లు పిల్లలవుతాయి. ఆ దీవిలో ఇసకమ్మ అనే దిబ్బకోడి దిబ్బ మనిషెత్తు ఉండేది. వాళ్ల అమ్మమ్మ మొదలుపెట్టిన దిబ్బ అది. ఆ అడవిలో అది ఎక్కడుందో తళుకికి ఒక్కదానికే తెలుసు.

దిబ్బకి ఎదురుగా ఉన్న మొగలిపొద వెనకనుంచి చూడొచ్చని తళుకి చెప్పింది. దూరయ్య ఒప్పుకోలేదు. దిబ్బ ఎక్కాలన్నాడు. వేడి కాలికి తగిలేదాకా తవ్వి, ఒక్క గుడ్డయినా చూసి వెళ్లాలన్నాడు.

"దిబ్బ తవ్వితే వేడి పోతుంది. వేడి పోతే లోపలి పిల్లలు చచ్చిపోతాయి. నేను తీసుకెళ్లను," అంది తళుకి.

"నిన్నా మొన్నా తీసుకెళ్లావుగా. ఇవాళేం వచ్చింది?"

"నిన్నా మొన్నా తప్పు చేశాను. ఇవాళ చెయ్యను."

దూరయ్యకి కోపం వచ్చింది. "అయితే వచ్చే ఏడు మావాళ్లెవరూ నీ దగ్గరికి రారు. ఎవరూ రాకపోతే నువ్వేం చేస్తావు?"

"పళ్లు తింటాను," అంది తళుకి.

దూరయ్య దిబ్బను తామే వెతుక్కుంటామని గుంపును తీసుకుని అడవిలోకి నడిచాడు. తళుకి ఒంటరిగా చెట్టు చిటారుకొమ్మ ఎక్కి కూర్చుంది. దానికి దిగులుగానే ఉంది. కానీ చేసిన పని సరైనదేనని మనసుకి తెలుసు. ఆ దిగులు దాన్ని ఏమీ చెయ్యలేకపోయింది.

అప్పుడు పైనుంచి ఒకటి కనబడింది. ఉల్లంకులు నడిచిన దారిలోనే, వాటి వెనక ఒక పెద్ద ఉడుము నాలుక ఆడిస్తూ పోతోంది. ఆగి వాసన చూస్తోంది, మళ్లీ నడుస్తోంది. తళుకికి సంగతంతా అర్థమైంది. ఇవాళ పొద్దున తను తాత గుంత మీదుగా ఎగిరి వస్తుంటే కనబడ్డ గోళ్ల గీతలు దీనివే. తాత గుంత లోపలికంటా జరిగి ఉండబట్టి బతికాడు. ఈ సందడి ఎటు పోతే ఉడుము అటే వస్తోంది. తను ఇవాళ దారి చూపించి ఉంటే, ఈపాటికి అది ఇసకమ్మ దిబ్బమీద ఉండేది.

ఉల్లంకులకి దిబ్బ దొరకలేదు. తిరిగి తిరిగి అలసి, ఉత్తరపు ఒడ్డున ఒంటికాలిమీద నిలబడి కునుకు తీస్తున్నాయి. ఉడుము ఇసకమీద పాకుతూ దూరయ్యకి రెండు బారల దూరంలోకి వచ్చింది. తళుకి రెక్కలు ముడిచి రాయిలా కిందికి దూకింది. ఉడుము ముఖంమీదుగా రెక్కలు కొడుతూ పోయింది. పిట్టలన్నీ ఉలిక్కిపడి గాల్లోకి లేచాయి. ఉడుము నోట్లో తళుకి తోకవి రెండు తెల్లని ఈకలు మిగిలాయి. అంతకుమించి దానికేమీ దొరకలేదు.

నీళ్లమధ్య బండమీద అందరూ వాలాక, ఉడుము మొదటిరోజునుంచీ వాళ్ల వెనకే తిరుగుతోందని తళుకి చెప్పింది. దెప్పలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. దూరయ్య తళుకి దగ్గరికి జరిగాడు.

"మొగలిపొద దాకా తీసుకెళ్తావా?" అని అడిగాడు.

తళుకి ముందు తనొక్కతే వెళ్లి ఇసకమ్మను అడిగింది. "పిన్నీ, కొందరు దూరంనుంచి చూస్తామంటున్నారు. నీకు వద్దంటే వద్దు."

ఇసకమ్మ ఆకులు పోగేయడం ఆపలేదు. "వాళ్లెవరో నాకు తెలియదు. నువ్వు తెలుసు. నువ్వు పక్కనుంటే రానీ," అంది.

నేలమీద అడుగుజాడ పడకుండా తళుకి వాళ్లను సముద్రం మీదుగా చుట్టు తిప్పి తీసుకెళ్లింది. రెండు రోజులు వాళ్లు మొగలిపొద వెనక కూర్చున్నారు. ఏమీ జరగలేదు. దూరయ్య తన సముద్రాల సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. మూడోరోజు పొద్దున దిబ్బమీద ఇసక కదిలింది. ముందు ఒక ముక్కు, తరవాత తల, తరవాత రెక్కలు వచ్చాయి. అప్పటికే ఒంటినిండా ఈకలున్న పిల్ల ఒళ్లు దులుపుకుని, అమ్మకోసం చూడకుండా, ఎవరి సాయమూ అడగకుండా అడవిలోకి పరిగెత్తింది. నలభై పిట్టల్లో ఒక్కటీ కూత వెయ్యలేదు.

ఆ రోజు తళుకి మొగలిపండు తొనొకటి ముక్కున కరుచుకుని పీతతాత గుంత దగ్గర పెట్టింది. మట్టి మళ్లీ కప్పింది. డొల్ల గట్టిపడేదాకా రోజూ వెళ్లి కాపలా ఉంది.

ఎండలు ముదిరాక ఉల్లంకులు ఉత్తరానికి తిరిగిపోయాయి. అక్కడ కుర్రపిట్టలు దూరయ్యను చుట్టుముట్టి, గుడ్లు పొదగని కోడి ఎక్కడుంటుంది, ఏ దీవి, ఏ చెట్టుపక్కన అని అడిగాయి.

"దారి తళుకిని అడగండి," అన్నాడు దూరయ్య. "వద్దంటే మాత్రం వెనక్కి వచ్చెయ్యండి."

నీతి: వింతను చూపించడం నేర్చినవాళ్లు, ఎక్కడ ఆగాలో చెప్పడం కూడా నేర్వాలి.