బండి కాళ్ళు కడిగిన నూకాలు

ఎప్పుడని అడక్కండి, నాకు చెప్పినవాళ్ళకే తెలీదు. కొండ మీదికి కార్లు ఎక్కడం మొదలైన కొత్తలోనట. ఘాటు రోడ్డు దిగే చోట ఒక వాగు, వాగు పక్కన ఒక పాక, ఆ పాకలో నూకాలు అనే మనిషి ఉండేదట.

ఆమెకి పొలం లేదు, పుట్ర లేదు. ఉన్నదల్లా ఒక బిందె, బోలెడంత ఆరా. ఏది చూసినా "ఎందుకలాగ?" అని అడక్కపోతే ఆమెకి అన్నం సయించేది కాదు.

ఆమె పని బండ్ల కాళ్ళు కడగడం. నవ్వకండి. దూరం నుంచి వచ్చిన మనిషికి గుమ్మంలో కాళ్ళకి నీళ్ళివ్వమూ? మరి అంత కొండ దిగొచ్చిన బండికి ఇవ్వొద్దా? చక్రాలే దాని కాళ్ళు. డ్రైవర్లు వాగు దగ్గర ఆపేవారు. నూకాలు బిందెడు చల్లటి నీళ్ళు తెచ్చి చక్రాల మీద పోసేది. లోపల కాలిపోతున్న ఇనుము సుయ్యిమనేది. "కొండతల్లి చల్లబడింది" అని డ్రైవర్లు దణ్ణం పెట్టి, గుప్పెడు బియ్యమో నాలుగు పనసతొనలో ఆమె ఒళ్ళో పోసి వెళ్ళేవారు. దాంతోనే ఆమె పొయ్యి వెలిగేది.

ఆ డ్రైవర్లలో లోవరాజు అని ఒకడు. కొండ కొసన ఉన్న ఊళ్ళకి ఎక్కేది అతని కారొక్కటే. అంత ఎత్తునుంచి దిగడంతో అందరికన్నా అతని చక్రాలే ఎక్కువ కాలేవి. జబ్బు చేసినవాళ్ళనీ, పురిటి మనుషుల్నీ అతనే కిందికి దింపాలి. అలాంటి కారుకి వణుకు పట్టుకుంది. బ్రేకు తొక్కితే పెడలు కాలికింద తన్నేది, స్టీరింగు చేతుల్లో ఊగిపోయేది. కొండతల్లికి అతనంటే కోపం వచ్చిందని జనం గుసగుసలాడారు. కారెక్కడానికే భయపడ్డారు.

లోవరాజు పట్నం వెళ్ళి బ్రేకు ప్యాడ్లు అడిగాడు. "ఘాటు కదా, గట్టివి వేసుకో" అన్నాడు కొట్టాయన. గట్టివి వేశాడు. మొదటిసారి వణుకు కాస్త తగ్గినట్టే అనిపించింది. నూకాలు దాని కాళ్ళు కడిగింది. మర్నాటికి మళ్ళీ వణుకు, పైగా కీచుమని గోల.

"ఎందుకలాగ?" అంది నూకాలు.

"నాకేటి తెలుసత్తా" అన్నాడు లోవరాజు. డ్రైవర్లందరికీ ఆమె అత్తే.

మళ్ళీ పట్నం వెళ్ళాడు. ఈసారి మెత్తవి తెచ్చాడు. గోల లేదు, వణుకూ తగ్గినట్టే ఉంది. నూకాలు దాని కాళ్ళు కడిగింది. మర్నాటికి మళ్ళీ వణుకు, పైగా మాడు కంపు.

"ఎందుకలాగ?"

"నాకేటి తెలుసత్తా."

మూడోసారి కొట్టాయన ఇంకో మాట చెప్పాడు. ప్యాడ్లు మారిస్తే చాలదు, అవి నొక్కిపట్టే ఇనప బిళ్ళలు, అదే డిస్కులు కూడా మార్చమన్నాడు. లోవరాజు అటు గట్టివీ ఇటు మెత్తవీ కాని ప్యాడ్లు, కొత్త డిస్కులు తెచ్చి, వాగు పక్కనే కూర్చుని బిగించుకోబోయాడు.

"ఇదే ఆఖరత్తా. ఇప్పుడు కూడా వణికిందంటే బండి అమ్మేసి కూలికి పోతాను."

"నువ్వు పోతే పైనున్నోళ్ళని ఎవరు దింపుతారు అల్లుడా?"

అతను వంగి పాత డిస్కులు విప్పి పక్కన పడేశాడు. ఆమె చేతులు ఊరుకుంటాయా? పాత డిస్కు తీసి వాగు పక్కనున్న నున్నటి బండ మీద పెట్టింది. అది టకటకా ఊగింది. కొత్తది పెట్టింది. కదలకుండా కూర్చుంది.

"ఎందుకలాగ?"

"పాతది కదత్తా" అంటూ అతను డిస్కు లాక్కుని, బిగించుకుని కొండెక్కాడు.

నూకాలు పాకలోకి వెళ్ళి రొట్టె కాల్చుకుందామని పెనం పెట్టింది. పెనం పొయ్యి మీద టకటకా ఊగింది. ఎప్పుడూ ఊగేదే. ఒకనాడు తొందరపడి, కాలుతున్న పెనం మీద చెంబుడు నీళ్ళు గుమ్మరించింది. ఆ రోజునుంచే అది వంకర. నూకాలు పెనాన్నీ బిందెనీ మార్చి మార్చి చూసింది. బండ మీద ఊగిన డిస్కు గుర్తొచ్చింది.

తను చెప్పకపోతే ఎవరికీ తెలీదు. చెప్తే తన బిందెతో ఎవరికీ పనుండదు. ఆ పూట రొట్టె కాల్చుకోలేదు. భయం వేసింది, ఏడుపు కూడా వచ్చింది.

అంతలోనే లోవరాజు దిగొచ్చాడు. వెనక సీట్లో నిండు చూలాలు.

"వణకలేదత్తా! తొరగా పొయ్యి, ఆసుపత్రికెళ్ళాల."

"పొయ్యను."

"అదేటి! తల్లికి కోపం వస్తాది."

"తల్లేం చేసింది పాపం? నీ బండిని వణికించింది నేను. కాలే ఇనుం మీద చన్నీళ్ళు పోసి వంకర చేసింది నా బిందె."

లోవరాజు నోరెళ్ళబెట్టాడు. "మరి ఆనవాయితీ తప్పితే ఎలాగత్తా?"

"తప్పడం దేనికి? బ్రేకు తొక్కిందెవరు? నువ్వు. చెప్పులు విప్పు."

అని అతని కాళ్ళ మీద పోసింది. నీళ్ళు మాత్రం అవే చల్లటి నీళ్ళు. "ఇక పో. చక్రాలు దారిలో గాలికి చల్లారతాయి."

మర్నాడు కారు వణకలేదు. ఆ మర్నాడూ వణకలేదు. జనం మళ్ళీ ఎక్కారు. మాట కొండంతా పాకి, చక్రాల మీద నీళ్ళు పోయించుకోవడం డ్రైవర్లంతా మానేశారు. కొందరు ఆగడమే మానేశారు. నూకాలు పొయ్యి కొన్ని పూటలు వెలగలేదు, ఆ మాట దాచడమెందుకు. లోవరాజు మాత్రం ఆగకుండా ఏనాడూ పోలేదు. అతన్ని చూసి ఒక్కొక్కరే మళ్ళీ ఆగి, చెప్పులు విప్పి కాళ్ళు చాపారు.

నూకాలు పోయిన రోజున వాగు పొడుగునా బండ్లు ఆగిపోయాయి. లోవరాజు ఆమె బిందెతోనే నీళ్ళు ముంచి ఆమె కాళ్ళ మీద పోశాడు. పగుళ్ళు బారిన కాళ్ళు. ఎంతమంది కాళ్ళకో నీళ్ళిచ్చింది గానీ, ఆమె కాళ్ళకి ఇవ్వాలని అన్నాళ్ళూ ఎవరికీ తోచలేదు. అతను వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఇప్పటికీ ఆ ఘాటు మీద తిరిగేవాళ్ళు కొత్త డిస్కులు కొంటే ముందు ఆ బండ మీద పెట్టి చూస్తారు. టక్కుమంటే కొట్టుకి తిప్పి పంపిస్తారు. కొండ దిగాక వాగు దగ్గర ఆగుతారు. చక్రాల జోలికి ఎవరూ పోరు. ఒక చెంబుడు నీళ్ళు బండ మీద పోసి, "ముందు నీ కాళ్ళకత్తా" అంటారు. ఆ తరవాతే తమ చెప్పులు విప్పుతారు.