కందకంలో ఏనుగులు

ఒక కోట కూలిందనుకోండి. దాని కథ ఎవరి నోట వినాలి? గద్దె మీద కూర్చున్నవాడి నోటా, దాని మట్టిని తట్టలకెత్తి మోసిన మనిషి నోటా? జవాబు ఇప్పుడే వద్దు. ముందు ఇది వినండి.

ఒకానొక రాజ్యాన్ని, దాని పేరు మనకెందుకు గానీ, రణకేసరి అనే రాజు ఏలుతుండేవాడు. పేరులో తప్ప ఆయన రణం చూసింది లేదు. ఆ లోటు తీరేలా ముత్తాత గొప్పలు చెప్పుకునేవాడు. రాజ్యం చివర గుండ్లకోట అని ఒక పాడుబడ్డ కోట ఉంది. బురుజులు విరిగాయి, గోడల్లో జువ్వి మొలిచింది, చుట్టూ ఉన్న కందకం సగానికి పైగా పూడిపోయింది. ముత్తాత ఆ కోటను ఎలా గెలిచాడో చరిత్ర రాయమని రాజు ఆస్థాన పండితుడు భైరవశాస్త్రికి పురమాయించాడు.

శాస్త్రి కోట మొహం చూడకుండానే రాసేశాడు. ముత్తాతగారు నూరు శత్రుగజాలను కందకంలో కూల్చి, వాటి వీపుల మీదుగా నడిచి లోపల అడుగుపెట్టారట. రాజు పొంగిపోయాడు. కూలిన గోడల రాళ్లతో కందకం పూడ్చి, దాని మీద విజయస్తంభం ఎత్తమన్నాడు.

ఆ పని తిప్పక్క ముఠాకు వచ్చింది. మట్టిపనిలో ఆ సీమలో ఆమెను మించినవాళ్లు లేరు. కబురు విని తిప్పక్క చేతిలో పార కింద పెట్టేసింది. ఆమె ఉండే పాలెం కోట దిగువనే ఉంది. కందకంలో నిలిచిన వాననీరే ఇంకి పాలెం బావుల్లో ఊరుతుంది. కందకం పూడ్చడమంటే తన బావిని తన చేత్తో పూడ్చుకోవడమే. పోనీ వద్దని చెబుదామా అంటే, ఆ మాట అన్నవాళ్లెవరూ రణకేసరి కొలువులో మిగల్లేదు. అందుకని తిప్పక్క కొలువుకు వెళ్లింది గానీ, వద్దనలేదు.

"మహారాజా, నూరు ఏనుగుల దంతాలు మట్టికింద పెట్టి పైన స్తంభం ఎత్తితే ఎవరికి తెలుస్తుంది? ముందు వాటిని పైకి తీయనివ్వండి. వచ్చేపోయే రాయబారులు చూస్తారు," అంది.

రాయబారులనే మాట రాజుకు బెల్లంముక్కలా తగిలింది. తవ్వమన్నాడు. శాస్త్రికి గొంతులో వెలక్కాయ పడినట్టయింది. అయినా బింకం వదల్లేదు. ఎక్కడ తవ్వాలని తిప్పక్క అడిగితే, కోట వాకిలి ముందు కర్ర పాతి, పట్టపుటేనుగు పడింది సరిగ్గా ఇక్కడేనన్నాడు.

మట్టిపనివాళ్లకు ఒక ఆచారం ఉంది. తవ్వేటప్పుడు నడుమ ఒక దిబ్బను ముట్టుకోకుండా వదిలేస్తారు. ఎంత లోతు తవ్విందీ దాని ఎత్తుతో కొలుస్తారు. దాన్ని సాక్షిదిబ్బ అంటారు. తిప్పక్క ఆ దిబ్బను శాస్త్రి కర్ర పాతిన చోటే వదిలింది.

వేసవి మూడు నెలలూ ముఠా పూడిక తీసింది. ఆ ఒండ్రు పాలెం పొలాలకు పోయింది. దంతం కాదు గదా, ఏనుగు గోరు కూడా దొరకలేదు. తొలకరి ముందు రాజు పరివారంతో వచ్చి దిగాడు.

"ఏనుగులేవి తిప్పక్కా?"

"శాస్త్రిగారి తాటాకుల్లో క్షేమంగా ఉన్నాయి దొరా. ఇక్కడికి ఒక్కటీ దిగలేదు."

శాస్త్రి భగ్గుమన్నాడు. దంతాలు వీళ్లే దాచేశారని, ముఠానంతా చెరలో వేయించమని అన్నాడు. రాజు మొహం ఎర్రబడింది. భటులు కదిలారు. తిప్పక్క వాళ్లకు అడ్డంగా నిలబడి సాక్షిదిబ్బ వైపు చెయ్యి చూపింది.

"మేం తవ్విన చోట దొరికినవి దాచామంటారు, సరే అయ్యవారూ. తవ్వని చోటో? అదిగో మీ కర్ర. పట్టపుటేనుగు దాని కిందే కదా. దిబ్బ నెత్తిన ఎండుగడ్డి కూడా అట్లాగే ఉంది. భటుల చేతే కోయించండి."

కోశారు. పొర మీద పొర ఒండ్రు తప్ప ఏమీ లేదు. అట్టడుగున మాత్రం ఒక చెలమ బయటపడింది. నీటిచుక్క కోసం ఎవరో చేతులతో తోడుకున్న గుంట. అందులో ఒక మట్టిముంత.

"ఇట్లాంటివి మాకు ముప్పై కనిపించాయి దొరా," అంది తిప్పక్క. "కందకం ఎండిపోతే కోటలో జనం దీని అడుగునే నీళ్లు వెతుక్కున్నారు. దొరక్క వెళ్లిపోయారు. మీ ముత్తాతగారు వచ్చేసరికి తలుపులు తీసే ఉండుంటాయి. ఈ కోటను గెలిచింది దాహం. దీన్ని పూడిస్తే రేపు నా పాలేన్నీ అదే గెలుస్తుంది. అప్పుడు స్తంభం మీద ఎవరి పేరు చెక్కిస్తారు?"

రాజు ముంతను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. తర్వాత, చెమటలు తుడుచుకుంటున్న శాస్త్రిని చూశాడు. ముందు మీసం కదిలింది, ఆ తర్వాత పొట్ట కదిలింది. కందకం మారుమోగేలా నవ్వాడు.

"ఏనుగులని చెప్పి నా చేతే నీ కందకం పూడిక తీయించావు కదమ్మా."

"ఊరికే అడిగితే తీయించేవారా దొరా?"

"లేదు," అన్నాడు రాజు. తన గురించి ఆయన నోట ఆ రోజు వచ్చిన మొదటి నిజం అదే.

తన చేతి కడియం తీసి ఇచ్చాడు. ఇంకేం కావాలో అడగమన్నాడు. స్తంభం మానుకోమంది తిప్పక్క. కోట చరిత్ర మళ్లీ రాయించమంది. రాజు సరేనన్నాడు. ఆ పని శాస్త్రికే అప్పగించి, ఈసారి కందకంలోకి దిగి, ఎండలో నిలబడి, చూసి రాయమన్నాడు. శాస్త్రి రాసింది ఒకే వాక్యం: "ఈ కోట దాహంతో పడింది, నీళ్లను కాచుకోండి." దాన్నే రాయి మీద చెక్కి వాకిలి ముందు నిలబెట్టారు. తొలి వానకు కందకం నిండింది. వారం తిరిగేసరికి తిప్పక్క బావిలో నాలుగు మెట్లు మునిగాయి.

ఇప్పుడు నా మొదటి ప్రశ్నకు జవాబు చెప్పండి. నోటితో కాదు. మీ ఊరి పాత కోట కందకంలో ట్రాక్టరు చెత్త దిమ్మరించబోతుంటే ఫొటో తీసుకుని వచ్చేయకండి. దాని ముందు నిలబడండి. అడుగున ఎవరి ముంత ఉందో తోలుకొచ్చినవాళ్లు చెప్పేదాకా దాన్ని కదలనివ్వకండి.